ట్యాంకు నిలబడటానికి కారణం

కుంచివలస మున్సిపాలిటీ పరిధిలో ఎవరైనా ఒక వాదనలోని దోషాన్ని సరిగ్గా పట్టుకుని పైకి చెబితే, ఆ వాదన మీద నిలబడ్డది ఏదైనా సరే అక్కడికక్కడే కూలిపోతుంది. ఇందులో వింతేమీ లేదు. కొన్ని ఊళ్ళలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కొన్ని ఊళ్ళలో కోతులెక్కువ, కుంచివలసలో ఇది. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులు మొదటి వారం కాస్త తడబడతారు. ఆ తర్వాత వాళ్ళూ అలవాటు పడి, ఎవరేం చెప్పినా "అవునండి" అనడం నేర్చుకుంటారు.

నియమాలు అందరికీ తెలిసినవే. దోషాన్ని పైకి చెబితే కూలుతుంది. మనసులో అనుకుంటే పెచ్చులూడతాయి. తప్పుగా చెబితే మాత్రం ఎదుటివాడిదేదీ చెక్కుచెదరదు, చెప్పినవాడి ఇంట్లోనే మూడో వంతు పోతుంది. పోటీ పరీక్షల్లో తప్పు జవాబుకు మార్కులు కోసే పద్ధతి తమ ఊరిని చూసే పెట్టారని కుంచివలస వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాటలోనూ దోషం ఉండొచ్చు గాని, దాని మీద ఏం నిలబడి ఉందో తెలియక ఎవరూ వెతకలేదు. నోటి దురుసు మగవాళ్ళున్న వీధుల్లో ఇళ్ళు చాలామటుకు రెండొంతులే ఉంటాయి. వరండా ఉంటుంది, హాలు ఉంటుంది, వంటగది ఉండాల్సిన చోట ఆకాశం ఉంటుంది. వానాకాలంలో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు గొడుగు కిందే పోపు పెట్టుకుంటారు, పెడుతూ మొగుణ్ణి తిట్టుకుంటారు. తిట్లలో వాదన ఉండదు కనుక ఎంత తిట్టినా ఏమీ కాదు.

ఇలాంటి ఊళ్ళో హైమావతి రీజనింగ్ టీచరు. బస్టాండు ఎదురుగా, బేకరీ పై అంతస్తులో ఉన్న కోచింగ్ సెంటర్లో, ఉద్యోగ పరీక్షలకు వెళ్ళే పిల్లలకు 'ఈ వాదనలోని లోపం ఏది?' అనే రకం ప్రశ్నలు నేర్పుతుంది. ఆ విద్య వచ్చినవాళ్ళు తుపాకీ ఉన్నవాళ్ళలాగే మున్సిపల్ ఆఫీసులో లైసెన్సు తీసుకోవాలి. పాఠం కిటికీలు మూసి చెప్పాలి. ఉదాహరణలు కుంచివలసకు ఏ సంబంధమూ లేనివై ఉండాలి. అందుకే ఆమె పాఠాలన్నీ 'క' అనే దేశంలోనో, 'గ' అనే కంపెనీలోనో జరుగుతాయి. ఇదివరకు అక్కడే ఒక కుర్ర లెక్చరరు ఉండేవాడు. పాఠం కాస్త ఉషారుగా ఉంటుందని, "మన బస్టాండు కాంట్రాక్టరు మహా భక్తిపరుడు, కాబట్టి బస్టాండు కప్పు గట్టిది" అని బోర్డు మీద రాసి, లోపం చెప్పమన్నాడు. క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది. కుంచివలస బస్టాండులో ప్రయాణికులు ఇప్పటికీ ఎండలో నిలబడటానికి అదే కారణం.

హైమావతి అలా కాదు, జాగ్రత్త మనిషి. పేపరు వస్తే సంపాదకీయం ఉన్న పేజీ మడతపెట్టి బీరువా అడుగున పరుస్తుంది. ఎన్నికలప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంటుంది. భర్త గోవర్ధనరావు కరెంటాఫీసులో పనిచేస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఓ రోజు పొద్దుపోయి ఇంటికొచ్చి, "ఫోను ఎత్తలేదంటే పనిలో ఉన్నట్టే కదా" అన్నాడు. ఆమె ఏమీ అనలేదు, ఊరికే అనుకుంది. షోకేసు అద్దం నిలువునా పగిలింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఆయన కారణాలు చెప్పడు, ఆమె అడగదు. ఆ పెళ్ళి ఏ వాదన మీద నిలబడిందో ఆమె ఏనాడూ తొంగి చూడలేదు. వీధిలో అందరూ వాళ్ళను చూసి ముచ్చటపడతారు.

చిక్కంతా మంచినీళ్ళ ట్యాంకుతో వచ్చింది.

ట్యాంకు మున్సిపల్ బడి ఆవరణలో ఉంది. ఊళ్ళో సగానికి నీళ్ళు అక్కణ్ణించే. హైమావతి కూతురు అమ్ములు ఆ బడిలో ఏడో తరగతి. ఏడో తరగతి గది కప్పు వెనకటికి ఎవరో విద్యాశాఖాధికారి నోరు జారినప్పుడు పోయింది. అందుకని ఆ పిల్లలను ట్యాంకు స్తంభాల మధ్య నీడలో కూర్చోబెడతారు. చల్లగా ఉంటుంది, అప్పుడప్పుడూ నాలుగు చుక్కలు పడతాయి, పిల్లలకు సరదాగానే ఉంటుంది.

ప్రతి ప్రభుత్వ కట్టడం మీదా అది నిలబడటానికి కారణమేమిటో నీలం రంగుతో రాయాలని కుంచివలసలో నిబంధన. ట్యాంకు మీద ఇలా ఉంటుంది: 'ఈ ట్యాంకు కట్టిన ఏడాది పెద్ద తుఫాను వచ్చినది. అప్పుడు కూలలేదు. కావున ఇక కూలదు.' తెలిసినవాళ్ళు ఆ స్తంభం దగ్గరకు రాగానే తల దించుకుని చెప్పుల వంక చూసుకుంటూ నడుస్తారు. హైమావతి కూడా అలాగే నడిచేది. కానీ జూన్లో బడి తెరిచిన రోజు, అమ్ములు సంచి జారితే అందుకోబోయి తలెత్తింది. చదివేసింది. చదివాక ఇంకేముంది, పదేళ్ళుగా అదే పని చేస్తున్న బుర్ర, ఆగమంటే ఆగుతుందా? ఒకసారి నిలబడ్డంత మాత్రాన ఎప్పటికీ నిలబడుతుందనేముంది అనుకుంది. అరచేతి మందాన పెచ్చు ఒకటి ఊడి ఆమె కాళ్ళ ముందు పడింది.

ఆ తర్వాత ఆమె బడి వైపు వెళ్ళిన ప్రతిసారీ పెచ్చులు ఊడాయి. వారం తిరిగేసరికి మున్సిపాలిటీ ఇంజనీరు పైడిరాజు ఇంటికొచ్చాడు. మంచివాడే. చెప్పులు గుమ్మం బయటే విప్పి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"మేడమ్, తవరు బడికాడికి రావడం మానీయాల," అన్నాడు.

"మా అమ్మాయి అక్కడ చదువుతోందండీ."

"పాపను పంపండి, వద్దనీసీమా? తవరు రాకండి. తవరొచ్చి ఎల్లినాక పెచ్చులు ఏరలేక మావోళ్ళు సచ్చిపోతన్నారు."

"పెచ్చులు నా వల్ల ఊడుతున్నాయా, ట్యాంకు బాగోలేక ఊడుతున్నాయా?"

పైడిరాజు భయంభయంగా ఇంటి కప్పు వైపు చూశాడు. "అదేటి మేడమ్, అలాటి ప్రశ్నలేస్తారు? తవరొచ్చినప్పుడే గదా ఊడతన్నాయి. అంటే తవరి వల్లే గదా."

హైమావతి మర్యాద తెలిసిన మనిషి కాబట్టి నోరు విప్పలేదు. కానీ పైడిరాజు చొక్కా గుండీ ఒకటి టప్పున ఊడి, దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. ఆయన వంగి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. ఎంతో కాలంగా సర్వీసులో ఉన్నవాడు, ఆయన జేబులో అలాంటివి చాలానే ఉన్నాయి. టీ తాగి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అమ్ములు జుట్టు దువ్వుతుంటే తల్లి వేళ్ళకు సున్నం ముక్కలు తగిలాయి. ఒకటి కాదు, గుప్పెడు. తను బడి మొహం చూడకపోయినా ఇవెక్కడివి? ఇంట్లో కూర్చుని ట్యాంకు గురించి ఆలోచించకుండా ఉండాలనుకోవడమూ ఆలోచించడమేనని అప్పుడు తెలిసింది. భయం పట్టుకుంది ఆమెకు.

మర్నాడు బడి మార్పించడానికి టీసీ కోసం వెళ్ళింది. హెడ్మిస్ట్రెస్ విక్టోరియమ్మ ఫారం ఇచ్చి, పెన్ను మాత్రం ఇవ్వలేదు.

"ఎందుకు మార్పిస్తున్నారో కారణం రాయాలమ్మా. రాస్తే పైకి చెప్పినట్టే లెక్క. మీరు కారణం రాసీసరికి ట్యాంకు నా పిల్లల మీద పడుతుంది. మీ పిల్ల ఒక్కతీ ఇవతల ఉంటుంది," అంది.

"కారణం రాయకుండా ఇవ్వరా?"

"కారణం లేని టీసీ చెల్లదు కదమ్మా."

కిటికీలోంచి ఏడో తరగతి కనిపిస్తోంది. ముప్పై మంది దాకా పిల్లలు ఎక్కం చదువుతున్నారు. మొదటి వరసలో అమ్ములు పక్క పిల్ల పెన్సిలు లాక్కుంటోంది. హైమావతి చటుక్కున తల తిప్పుకుంది గాని, అప్పటికే టప్ మని చప్పుడయింది. పిల్లలు ఎక్కం ఆపకుండానే పలకలు నెత్తిన పెట్టుకున్నారు. బడిలో వాళ్ళకు మొదట నేర్పేది అదే.

ఎవరూ లేనప్పుడు తనే వెళ్ళి పైకి చెప్పేస్తే పీడా పోతుంది కదా అని కూడా ఆలోచించింది. కానీ ట్యాంకు కింద ఎవరూ లేని వేళ లేదు. ఆదివారం అక్కడ కూరగాయల సంత. సెలవుల్లో పెళ్ళిళ్ళ భోజనాలు. రాత్రిళ్ళు వాచ్‌మన్ కుటుంబం అక్కడే పడుకుంటుంది, వాళ్ళకు ఇల్లంటే అదే. జనాన్ని ఖాళీ చేయించే అధికారం కమిషనరుకు ఒక్కడికే ఉంది. సరే అని కమిషనరును కలవడానికి వెళ్ళింది. ఒక రోజు జనాన్ని తప్పించి, నీళ్ళు వదిలేసి, తనకు రెండు నిమిషాలు టైమిస్తే చాలునని చెప్పింది.

కమిషనరు శ్రీనాథరావు నెమ్మదస్తుడు. అంతా విన్నాడు.

"చూడండమ్మా," అన్నాడు. "ట్యాంకు కింద అంతమంది జనం ఉన్నారంటే ఏమిటర్థం? అది భద్రమని అందరికీ తెలుసనే కదా. భద్రమైన చోటునుంచి జనాన్ని ఖాళీ చేయించమంటారేమిటి?"

హైమావతి పెదాలు బిగబట్టింది. కమిషనరు కుర్చీ కాలు ఒకటి పుటుక్కుమంది. ఆయన నింపాదిగా లేచి, మూలన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న కుర్చీల్లోంచి ఇంకోటి లాక్కుని కూర్చున్నాడు. బంట్రోతు విరిగినదాన్ని తీసుకెళ్ళాడు.

"కొత్త ట్యాంకయినా కట్టించండి," అందామె.

"పాతది ఉండగా కొత్తదెందుకని పైవాళ్ళు అడుగుతారు. అదే పాతది కూలిందనుకోండి, వెంటనే వచ్చేస్తుంది. పిల్లలు గనక పోయుంటే ఇంకా తొందరగా వస్తుంది. నాకు మాత్రం ఆడపిల్లలు లేరా అమ్మా? నా బాధ నాకూ ఉంది." ఆయన నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. "అయినా మీకు రెండో రకం ప్రశ్నలు కూడా వచ్చు కదా. 'కింది వాటిలో ఈ వాదనను బలపరిచేది ఏది?' అనేవి. మీరు దోషమే ఎందుకు వెతకాలి? బలపరచవచ్చు కదా?"

కుంచివలసలో మరమ్మతులన్నీ అలాగే జరుగుతాయి. సిమెంటు, ఇసుక తర్వాతి సంగతి, ముందు వాదనకు మరమ్మతు చేయాలి. కిందటేడు ట్యాంకు మీద 'జిల్లా అధికారులు చూసి తల ఊపినారు' అని ఒక వాక్యం చేర్చారు. వేలు దూరే పగులు ఆ వానాకాలమంతా మూసుకుపోయి ఉంది. అధికారి తల ఊపింది ఈగను తోలడానికని ఎవరికో అనుమానం వచ్చేదాకా. తర్వాత ఆ వాక్యం చెరిపేశారు.

హైమావతి ఒప్పుకోకుండానే ఇంటికొచ్చింది. కానీ శనివారం పైడిరాజు పరుగున వచ్చాడు. మూడో స్తంభం కింది నుంచి మీది దాకా చీలింది, చెయ్యి పెడితే అవతలికి వస్తోందన్నాడు. "సోమారానికి ఉండదు మేడమ్, మీ పున్నెముంటది, ఏదో ఒకటి రాసియ్యండి," అని గుమ్మంలో కూలబడ్డాడు. హైమావతి కాగితం, పెన్ను తెచ్చుకుంది.

కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఇదే కాంట్రాక్టరు కట్టిన మిగతా ట్యాంకులు బాగున్నాయని రాయబోయింది. బాగున్నవి మాత్రమే లెక్కలోకి వస్తాయి, కూలినవి లెక్కపెట్టడానికి ఉండవు కదా అనుకునేసరికి పెన్ను మూత చిట్లింది. నీళ్ళు తాగినవాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదని రాయబోయింది. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో తనకు తెలియదా? స్టూలు కుంటిదయింది. ఏది రాసినా సిరా ఆరకముందే దోషం కనిపిస్తోంది. ఆ ఊళ్ళో ఆమె కంటికి ఆనే వాదన ఒక్కటీ లేదు. అన్నిటికీ లోపం కనిపెట్టగల మనిషి పేరు మీద నిలిపిన వాదనైతేనే ఈ ట్యాంకు నిలుస్తుందని అప్పుడు తట్టింది.

చెయ్యి దానంతట అదే రాసింది: 'దోషాలు పట్టడంలో ఈ ఊళ్ళో అందరికన్నా నేర్పరి అయిన హైమావతి గారు తన ఒక్కగానొక్క కూతురిని ఈ ట్యాంకు కిందనే చదివించుచున్నారు. ప్రమాదమున్నచో పంపరు. కావున ట్యాంకు భద్రము.'

చాలాసేపు చూసింది. ఏమీ విరగలేదు. దీనిలో లోపం ఎక్కడుందో తేల్చాలంటే ఆమె తన మనసులోకే తొంగి చూడాలి. అక్కడ చూడకుండా కాపురం చేయడం ఆమెకు ఎప్పుడో అలవాటయింది. కాగితం చించేద్దామని రెండు చేతులూ వేసింది. ముప్పై పలకలు కళ్ళముందు కదిలాయి. ఈలోగా పైడిరాజు దాన్ని మెల్లగా ఆమె చేతుల్లోంచి లాక్కుని, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం నీలం రంగుతో రాశారు. సోమవారానికి చీలిక కుట్లు వేసినట్టు మూసుకుపోయింది. కమిషనరు ఆమెకు శాలువా కప్పాడు. విక్టోరియమ్మ కావలించుకుంది. గోవర్ధనరావు కూడా కారణమేమీ చెప్పకుండా మిఠాయి పొట్లం తెచ్చాడు.

ఆగస్టులో అమ్ములుకు జ్వరం వచ్చింది. ఇంట్లోనే పడుకోబెట్టి తడిగుడ్డ వేస్తుండగా, పదిగంటల వేళ వీధిలో ఆటో ఆగింది. పైడిరాజు దిగాడు. "మేడమ్, పగులు మళ్ళీ నోరు తెరిసింది. పాపను సదవమనం, ఊరికే పడుకోమనండి, అక్కడ," అన్నాడు. హైమావతి కూతుర్ని ఎత్తుకుని ఆటో ఎక్కింది. నాలుగు బెంచీలు కలిపి పక్క వేశారు. అమ్ములు ట్యాంకు కింద వెల్లకిలా పడుకుని, మీద చుక్కలు పడుతుంటే చల్లగా ఉందంది. పగులు మూసుకుంది. పిల్లల తల్లులందరూ యాపిల్స్, బ్రెడ్డు పట్టుకుని చూడటానికి వచ్చారు, తలా ఒకసారి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. ఇంత ప్రేమ ఏ ఊళ్ళోనూ ఉండదని చెప్పుకున్నారు.

ఆ మాట ఊరంతా పాకింది. హైమా మేడమ్ కూతురే అక్కడ చదువుతుంటే ఇక మనకేంటి అని జనం కాన్వెంట్లు మాన్పించి పిల్లల్ని మున్సిపల్ బడికి తెచ్చారు. మూడు సెక్షన్లయ్యాయి. గదులు చాలక అందర్నీ ట్యాంకు కిందే కూర్చోబెట్టారు. కమిషనరు తన చిన్న కూతుర్ని కూడా చేర్చాడు. అంతమంది పెద్దమనుషుల పిల్లలున్నారంటే ట్యాంకు ఎంత గట్టిదో అని, దానికి ఇంకా ఎక్కువ నీళ్ళెక్కించి కొత్త కాలనీకి కూడా కనెక్షన్లు ఇచ్చారు. ఇవన్నీ హైమావతికి తెలుసు. ఆమె తల దించుకుని చెప్పుల వంక చూసుకుంటూ తిరుగుతోంది.

దసరా సెలవులు లేవని బడి ప్రకటించింది. ఎందుకో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఒక ఉదయం హైమావతి అమ్ములుకు జడలు వేస్తోంది. ఆ పిల్ల ఒళ్ళో ఉప్మా గిన్నె పెట్టుకుని, కరివేపాకు ఏరి పక్కన పెడుతూ తింటోంది. ఈ మధ్య తల్లి క్లాసు పేపర్లు తిరగేయడం నేర్చింది. తల్లి వద్దంటున్నా ఆగదు.

"అమ్మా, ఒకటి అడగనా?"

"తిను ముందు."

"నన్ను పంపిస్తున్నావు కాబట్టి ట్యాంకు మంచిదని రాశారు కదా?"

"ఊఁ."

"ట్యాంకు మంచిదని రాసుంది కాబట్టే కదా నన్ను పంపిస్తున్నావు?"

దువ్వెన ఆగింది.

"మరి అయితే..."

హైమావతి ఒక్క ఉదుటున కూతురి నోరు మూసింది. రిబ్బను చేతిలోనే ఉంది, అది కూడా ఆ పిల్ల పెదాల మీద అణిగిపోయింది. బడి వైపు నుంచి టప్ మని వినిపించింది. కాసేపటికి ఇంకోటి, అంతకన్నా పెద్దది. తర్వాత ఎక్కడో కుక్క అరిచింది. అమ్ములు కళ్ళు గుండ్రంగా తెరుచుకుని తల్లి వంకే చూస్తున్నాయి. ఆ కళ్ళలో మిగతా వాక్యం పూర్తిగా ఉంది. పిల్లది సరైన జవాబే పట్టింది. పరీక్షయితే పూర్తి మార్కులు. హైమావతికి కడుపులోంచి గర్వం పొంగుకొచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది.

మెల్లగా చెయ్యి తీసింది.

"ఏంటమ్ములూ, ఏదో అనబోయావు?"

అమ్ములు ఉప్మా మింగింది. తలుపులోంచి బయటికి, ట్యాంకు కనిపించే వైపు ఒకసారి చూసింది. అక్కడ ఇప్పటికే పిల్లలు చేరుతున్నారు.

"ఏం లేదమ్మా," అంది. "నువ్వు రాసింది కరెక్టే."

హైమావతి రెండో జడకు రిబ్బను బిగించి కట్టింది. ఏడో తరగతికే ఇంత నేర్చుకున్న పిల్ల ఇక ఏ ఊళ్ళోనైనా బతికేస్తుందని అనుకుంది. అందులో దోషం ఉందేమోనని వెతకలేదు. సంచి భుజానికి తగిలించి, గేటు దాకా వచ్చి, "తల దించుకుని వెళ్ళు," అని చెప్పింది. అమ్ములు తల దించుకునే వెళ్ళింది.

బడి గంట మోగింది. వీధిలో కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. హైమావతి బిందె తెచ్చి కుళాయి కింద పెట్టింది.